రెండు దెబ్బల మట్టి

ఏది బాగుంటుందంటే ఏం చెప్పమంటారండీ.
బొమ్మలు చూశారు కదా, రెండూ బాగున్నాయి.
తూర్పుదానికి మేడమీద ఈతకొలను,
పడమటిదానికి గుమ్మంలోనే జలపాతం.
ఆయన పద్నాలుగు అంతస్తులని బోర్డు కడితే
ఈయన తన బోర్డు మీద పన్నెండు కొట్టేసి
పదిహేను రాయించాడు.
ఎండ ఏటవాలుగా పడ్డప్పుడు
పాత అంకె ఇంకా లోపల్నుంచి కనిపిస్తుంది.

నేను పైకెక్కే మనిషిని కాదండి.
నా పనంతా కిందకే.
ఇనప ముక్కాలి, ఒక ఇంజను, నలుగురు కుర్రాళ్ళు,
అరవై మూడున్నర కిలోల సుత్తి.
గొట్టం మీద దాన్ని వదలడం,
అడుగు దిగడానికి ఎన్ని దెబ్బలో రాసుకోవడం.
రెండు చోట్లా మట్టి తీసింది మేమే.

జువ్వలపాలెం రోడ్డున పోయేవాళ్ళకి గుర్తుండదు గానీ
ఇదంతా ఒకటే చెరువు,
అంతకుముందు ఒకటే చేను.
అన్నదమ్ములు పంచుకున్నప్పుడు మధ్యన గట్టేశారు,
ఇటు శీలావతి, అటు రొయ్య.
ఆ గట్టు మీదే ఇప్పుడు ప్రహరీ.

మొదటి బోరు రోజున
సుత్తి ఎత్తకముందే గొట్టం దిగిపోయింది,
తన బరువుకి తనే.
ఆ తర్వాత రెండు దెబ్బలకి అడుగు,
మళ్ళీ రెండు దెబ్బలకి అడుగు.
నీళ్ళలోంచి లేచిన గేదె వీపులా నిగనిగలాడుతూ
గొట్టం నిండా నల్లబంక.
"దీనికి అడుగుందంటావా?" అన్నాడు మా వీర్రాజు.
పదకొండో మీటరులో గుల్లలొచ్చాయి,
తెల్లవి, చిటికెనగోరంత.
రెండింటికి ఇంకా మూత తెరుచుకోలేదు.
సముద్రం ఇక్కడికి పాతిక ముప్పై కిలోమీటర్లండి.
ఒకప్పుడు ఇక్కడే కాపురం ఉండేదన్నమాట.

ఇరవై నాలుగులో ఇసుక.
యాభై దెబ్బలకీ కదల్లేదు.
ఆ చప్పుడు చెవికి కాదు, అరచేతికి తెలుస్తుంది.

గట్టవతల మళ్ళీ ముక్కాలి నిలబెట్టాం.
"మాది కొంచెం నయంగా వస్తుందా?"
ఇంజనీరు గొంతు తగ్గించి అడిగాడు.
అదే బంక, అవే గుల్లలు.
ఇసుక మాత్రం అర మీటరు పైనే తగిలింది.
ఆ అర మీటరు బ్రోచర్లో వేయించుకుంటాడేమో అనుకున్నాను,
జలపాతం వేయించుకున్నాడు.

ఇక నీళ్ళు.
ఆరడుగుల్లో ఊట.
తూర్పు సెల్లారులో మోటారు పెట్టి కాలవలోకి తోడతారు,
కాలవ నెర్రెల్లోంచి జారి
తెల్లారేసరికి పడమటి గోతిలో తేలతాయి.
వీళ్ళు తోడితే అటు.
ఏళ్ళ తరబడి వాయిదాలకి తిరిగే
అన్నదమ్ముల దావాలా.
కాపలా ఉండే దాలినాయుడిది పలాస,
జీతం తూర్పువాళ్ళది.
వాళ్ళావిడ నీలవేణి పడమట ఇటుకలు తడుపుతుంది.
ప్రహరీకి చెయ్యి పట్టేంత కంత ఉంది,
డీజిలు అయిపోయినప్పుడు
డబ్బా అందులోంచే అటూ ఇటూ.
యజమానులకి తెలీదు, మీరూ అనకండి.

ఎన్నోది చూస్తున్నారు? ఎనిమిదా?
మంచిదే,
యనమదుర్రు డ్రైను వాసన అంతెత్తుకి రాదంటారు.
ఎనిమిదంటే ఇరవై నాలుగు మీటర్లు.
బాల్కనీలో కాఫీ తాగుతూ కిందకి చూస్తారు చూడండి,
రోడ్డు ఎంత దూరాన కనిపిస్తుందో
రోడ్డు కింద ఇంకా అంత దూరం పోతేగానీ
మీ కాలికి ఆనేది లేదు.
భయపెట్టడానికి కాదండి.
పైళ్ళు దింపారు, ఇసుకలోకి దిగాయి, చూశాను.
రాత్రిళ్ళు పోసినవి నేను చూడలేదు,
ఇటువీ, అటువీ.

నమూనాలు ఇంకా మా వసారాలో ఉన్నాయి,
పాలిథీన్ సంచుల్లో.
చెమ్మకి చీటీలు చెరిగిపోయి
ఏది ఎవరిదో నాకే తెలీడం లేదు.
చవితికి మా చిన్నది రెండు సంచులు విప్పి
ముద్ద కలిపి వినాయకుణ్ణి చేసింది.
ఆరాక నిలువునా పగులుతుందనుకున్నాను.
తొండం ఒక్కటే పగిలింది.

అదిగో, పడమట మోటారు వేశారు.
ఇంకో గంటాగితే తూర్పుదీ వింటారు.
టీ తాగుదాం రండి.